పంతొమ్మిది సెకన్ల కేక

స్పీకరు వైరు కోసిన కత్తెరను ఆమె కుళాయి కింద రెండుసార్లు కడిగి సొరుగులో పెట్టింది. రాగితీగ కోసిన కత్తెరకు మురికేమీ అంటదు. అయినా కడగకుండా ఉండలేకపోయింది.

ముందు గదిలో భర్త గొంతు ఇంకా దిగలేదు. కూతురు చిట్టి ఉండే గది తలుపు మూసి ఉంది. తెగిన వైరు ఆ తలుపు సందులోంచి బయటికి మూరెడు పాకి ఆగిపోయింది.

జరిగింది ఇంతే. పొద్దున తొమ్మిదింటికి ముందు గదిలో కూర్చుని, ఇంట్లో దిగిన పెద్దమనిషి తన పాత కబుర్లు చెబుతున్నాడు, భర్త రాసుకుంటున్నాడు. పక్కగదిలో కూతురు మెరుపుదండు బ్యాండు పాట పెట్టింది. తగ్గించమని ఒకసారి చెప్పాడు తండ్రి. తగ్గించింది. ఆపెయ్యమని రెండోసారి చెప్పాడు. ఆపనంది. మూడోసారి మాటతో పనిలేకుండా వంటింట్లోకి వచ్చి కత్తెర తీసుకెళ్ళాడు.

పెద్దమనిషి అంటే నల్లసుత్తి గాయకుడు. అభిమానులు పెట్టిన పేరు పులి. నల్లసుత్తి ఇరవై నాలుగేళ్ళ కిందట ఒకే ఒక్క రికార్డు చేసి, ఆ మరుసటేడే కొట్టుకుని విడిపోయిన బ్యాండు. కొన్నవాళ్ళు తక్కువే. కానీ ఈనాటి మెటల్ బ్యాండ్లన్నీ ఆ రికార్డు కడుపున పుట్టినవేనని ఆమె భర్త పత్రికలో ఏళ్ళ తరబడి రాస్తున్నాడు. రాక్, మెటల్ సంగీతం మీద వారం వారం రాసే విమర్శకుడతను. ఇప్పుడు ఆ మాటనే పుస్తకం చేస్తున్నాడు. అందుకోసం పులిని ఇంటికి పిలిచాడు. వారం ఉంటానని వచ్చిన మనిషి ఇరవై ఒక్క రోజులైనా కదల్లేదు.

ఆ ఇరవై ఒక్క రోజుల లెక్క ఆమె ముక్కుకు తెలుసు. యూకలిప్టస్ నూనె, పాత సిగరెట్టు, ఆరని తువ్వాలు. గొంతుబిళ్ళను సగం చప్పరించి సాసరు అంచున పెడతాడు. గంట పోయాక అదే తీసి మళ్ళీ నోట్లో వేసుకుంటాడు. గోళ్ళు సోఫాలో కూర్చునే కొరుకుతాడు, కొరికినవి సోఫాకే వదిలేస్తాడు. భర్తకు ఇవేవీ కనబడవు. అతని కళ్ళకు ఆ సోఫాలో కూర్చున్నది మనిషి కాదు, రికార్డు అట్ట మీది బొమ్మ.

పులి ఉప్పునీళ్ళ గ్లాసుతో వంటింట్లోకి వచ్చాడు. సింకులో పొద్దుటి పళ్ళాలున్నాయి. చూశాడు. చూసి కూడా వాటి మీదనే పుక్కిలించి ఉమ్మాడు.

"పిల్లని మరీ గారాబం చేశారమ్మా," అన్నాడు మూతి తుడుచుకుంటూ.

ఆమె కుళాయి బారుగా తిప్పి పళ్ళాల మీద నీళ్ళు వదిలింది. అతను వెళ్ళేదాకా తల తిప్పలేదు.

*

మధ్యాహ్నం భోజనాల వేళకు చిట్టి గదిలోంచి వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల. ఏడ్చిన జాడ లేదు. తండ్రికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, నీళ్ళు తాగి, శనివారం రేడియోలో జరిగే చర్చకు తనూ వస్తున్నానని చెప్పింది.

ఆ చర్చ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఈ సంగీతాన్ని మార్చింది నల్లసుత్తా, మెరుపుదండా అన్నది విషయం. నల్లసుత్తి తరఫున భర్త, పులి. అవతలి పక్క మాట్లాడడానికి ఒక అభిమాని కావాలని, ఉత్తరం రాయమని స్టేషనువాళ్ళు పదిరోజులుగా చెబుతున్నారు. వచ్చిన ఉత్తరాల్లో చిట్టిది ఎంచారు. ఇంటిపేరు చూసి ఎంచారో, రాత చూసి ఎంచారో ఆ పిల్లకు కూడా తెలీదు.

భర్త చెంచా కింద పెట్టాడు. నలుగురూ వింటుంటే కన్నతండ్రితో వాదానికి దిగుతావా అన్నాడు. నలుగురూ నవ్వరా అన్నాడు. చిట్టి నెమ్మదిగా జవాబిచ్చింది.

"నువ్వు వైరు కోశావు నాన్నా. నేను ముందే మైకు వెతుక్కున్నాను."

పులి పళ్ళెంలోంచి తల ఎత్తి, ఇదేదో తన కోసం ఏర్పాటు చేసిన వినోదంలా చూశాడు.

భర్త మొదలుపెట్టాడు. ఈ ఉపన్యాసం ఆమెకు కంఠతా వచ్చు. మెరుపుదండు పాటలు ఒక అచ్చులో పోసిన ఇటుకలు. మొదటిది వింటే పన్నెండూ విన్నట్టే. వాళ్ళ డ్రమ్ములు కొలబద్ద పెట్టి గీసిన వాన. మైదానం నిండా జనం వస్తారంటే వస్తారు. "పదిమందీ వినేదే గొప్ప పాటైతే, రోడ్డు మీది హారన్ని మించిన పాట లేదు," అన్నాడు. ఈ వాక్యం అతను ఇంతకు ముందు రెండుసార్లు అచ్చేశాడు.

"మా క్లాసులో నలుగురు ఆడపిల్లలు గిటారు పట్టారు," అంది చిట్టి. "నలుగురూ మెరుపుదండు వినే పట్టారు. మూడు చోట్ల వేళ్ళు పెట్టడం వస్తే సాయంత్రానికల్లా ఒక పాట వస్తుంది. నల్లసుత్తి విని గిటారు పట్టినవాళ్ళని నువ్వు ఎంతమందిని చూశావు? దాని గురించి రాసేవాళ్ళని చూశాను నేను. ప్రభావమంటే ఏది నాన్నా? చేతికి వాయిద్యం రావడమా, పత్రికలో పేరు రావడమా?"

భర్త నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. అది మంచి ప్రశ్నని అతనికి తెలిసిపోయింది. బయటివాళ్ళ పిల్ల అడిగి ఉంటే మెచ్చుకునేవాడే.

పులి నవ్వాడు. "వాళ్ళంతా నా ఎంగిలి తిని బతికినవాళ్ళే పాపా."

"ఎంగిలని మీరే అంటున్నారు. మాకొద్దు," అంది చిట్టి.

భర్త లేచి నిలబడ్డాడు. కూతురి మీద పెరగాల్సిన గొంతు భార్య వైపు తిరిగింది. సౌండు పనిలో ఇన్నేళ్ళున్నావు, నువ్వైనా చెప్పు దీనికి, ఆ డ్రమ్ములు మనిషి వాయించినవేనా అన్నాడు.

ఆమె పాటలు మిక్సింగ్ చేసే స్టూడియోలో సౌండు ఇంజనీరు. మెరుపుదండు అంటే ఆమెకూ ఇష్టం లేదు. ఆ డ్రమ్ము రేకుడబ్బా మీద గరిటెతో కొట్టినట్టుంటుంది. ఉన్నమాటే చెప్పింది. మనిషే వాయించాడని, తర్వాత ఒక్కో దెబ్బనూ కంప్యూటరులో జరిపి వరసలో పెట్టారని.

చిట్టి ముఖం చిన్నబోయింది. తల్లి కూడా అటే చేరిందనుకుంది.

"మరి నల్లసుత్తివి?" అని అడిగింది.

"ఐదుగురు ఒక గదిలో నిలబడి ఒకేసారి వాయించారు," భర్తే జవాబు చెప్పాడు. "కోత లేదు, అతుకు లేదు. 'తలుపు లేని ఊరు' పాట చివర ఆ కేక ఒక్కటి చాలు. పంతొమ్మిది సెకన్లు. ఒక్క ఊపిరి."

"నిన్ను కాదు. అమ్మని అడుగుతున్నాను. అమ్మ ఆ రోజు అక్కడే ఉంది కదా."

పులి పళ్ళెం అంచున ఎముక పెట్టి వేళ్ళు నాక్కున్నాడు. భర్త ఆమెనే చూస్తున్నాడు. చిట్టి చూస్తోంది.

"అప్పట్లో మా స్టూడియోలో కంప్యూటర్లు లేవు," అంది ఆమె.

అది నిజమే. అంత నీచమైన నిజం ఆమె ఎన్నడూ పలకలేదు. లేచి, తినని అన్నం చెత్తబుట్టలో వంచింది.

*

కంప్యూటర్లు లేవు. బ్లేడు ఉంది.

ఇరవై నాలుగేళ్ళ కిందట ఆమెకు ఇరవై ఏళ్ళు. స్టూడియోలో టేపు యంత్రం దగ్గర ఉద్యోగం. పాట ఎక్కడ తప్పితే అక్కడ టేపును గడ్డం గీసుకునే బ్లేడుతో ఏటవాలుగా కోసి, మంచి ముక్కను తెచ్చి అతికించాలి. ఆమె వేసిన అతుకు ఎవరి చెవికీ దొరికేది కాదు. అందుకని స్టూడియోలో అందరూ బ్లేడమ్మ అనేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో ఆ పేరు విని, అంత విసిగించే దానివా అని భర్త నవ్వాడు. అసలు సంగతి ఆమె చెప్పలేదు.

పులి ఆ రోజు ఆ కేక ముప్ఫైసార్లు అరిచాడు. ఏడో సెకనుకు గొంతు చిరిగేది. చివరికి దగ్గి, బక్కెట్టులో ఉమ్మి, కుర్చీలో కూలబడ్డాడు. వెనక నిలబడి వంత పాడే అమ్మాయి అప్పుడు మైకు దగ్గరికి వచ్చింది. నేను చూస్తాను అంది. ఆ అమ్మాయి ఈమెకు స్వయానా అక్క.

అక్క ఒక్కసారే అరిచింది. గాజు అవతల కూర్చున్న ఈమె వెన్ను జలదరించింది. స్టూడియో యజమాని టేపు వేగం కాస్త తగ్గించమన్నాడు. తగ్గిస్తే గొంతు బరువెక్కి మగగొంతయింది. ఏడు సెకన్లు పులివి. మిగిలిన పన్నెండూ అక్కవి. మధ్యన ఒక్క అతుకు. వేసింది చెల్లెలు.

వారం తిరక్కుండా అక్కను బ్యాండులోంచి పంపేశారు. అట్ట మీద ఆడముఖం ఉంటే మెటల్ ఎవడూ కొనడన్నాడట పులి. స్టూడియోలో జరిగింది స్టూడియోలోనే ఉండాలన్నాడు యజమాని. ఆమె ఉద్యోగం కోసం ఊరుకుంది.

తర్వాత కచేరీల్లో పులి ఏడు సెకన్లు అరిచి మైకు జనం వైపు తిప్పేసేవాడు. మిగతాది జనమే అరిచేవాళ్ళు. కేకను జనానికి పంచిపెట్టిన ఏకైక గాయకుడు అని భర్త దాని మీద రెండు పేజీలు రాశాడు.

రికార్డు వచ్చిన రెండేళ్ళకు ఒక సన్నటి కుర్రవాడు నోటుబుక్కు పట్టుకుని స్టూడియోకి వచ్చాడు. ఆ కేక నిజంగా ఒక్క ఊపిరేనా అండీ అని అడిగాడు. అతని కళ్ళు మెరుస్తున్నాయి. అంత ఆశగా ఆమెను ఎవరూ ఏదీ అడగలేదు. అవునంది. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మరుసటేడు పెళ్ళయింది.

*

శుక్రవారం మధ్యాహ్నం ఆమె అక్కను వెతుక్కుంటూ వెళ్ళింది. అక్క ఇప్పుడు పియానోలు శ్రుతి చేస్తుంది. ఒక బడి హాల్లో, కుర్చీలన్నీ గోడవారకు నెట్టిన చోట, మూత తీసిన పియానోలోకి సగం వంగి ఉంది. నోట్లో దూదిగుడ్డ ముక్క. చేతిలో తీగలు బిగించే మేకులు తిప్పే తాళం.

అక్కచెల్లెళ్ళిద్దరూ ఇన్నేళ్ళుగా అన్నీ మాట్లాడుకున్నారు. అమ్మ మందులు, చిట్టి చదువు, అక్క మోకాలి నొప్పి. ఆ పన్నెండు సెకన్లు తప్ప. పులి చెల్లెలి ఇంట్లో దిగాడని తెలిసిన రోజు నుంచి అక్క ఆ గుమ్మం తొక్కలేదు. ఎందుకని ఈమె అడగలేదు.

రేపటి చర్చ సంగతి చెప్పింది. ఆ కేక రేడియోలో వేస్తారని, దాని గురించి మాట్లాడతారని, చిట్టిని నలుగురిలో చిన్నబుచ్చుతారని చెప్పింది. చెప్పేయమంటావా అని అడిగింది.

అక్క నోట్లోని దూదిముక్క చేతిలోకి తీసుకుని, ఒక తీగ మీటి విని, తాళం వెంట్రుకవాసి తిప్పింది. మళ్ళీ మీటింది.

"నా అనుమతి ఎందుకే?"

"గొంతు నీది కదా."

"గొంతు నాదే. అరవమని నన్నెవడూ అడగలేదు. పాట చెడిపోతుంటే చూడలేక అరిచాను. దానికి నాకు బాధ లేదు." పక్క తీగ మోగకుండా అక్క దూదిముక్క తీగల మధ్య గుచ్చింది. "కోసింది నువ్వు. అతికింది నువ్వు. మీ ఆయన అడిగితే ఒక్క ఊపిరేనని చెప్పింది కూడా నువ్వు. ఇప్పుడు నా పేరు చెప్పి బయటపడదామని వచ్చావు."

ఆమె గోడవారనున్న కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుంది.

తాళం పక్కన పెట్టి అక్కే అంది, ఈ మధ్య మెరుపుదండు కూడా విన్నానని. చిట్టి పంపించిందట. రెండూ రోతగానే ఉన్నాయంది. ఒకడు గొప్పవాడినని అరుస్తాడు, ఇంకొకడు మీవాడినని అరుస్తాడు, అంతకు మించి తేడా తెలియలేదంది. "కానీ ఆ పిల్ల ఉత్తరం బాగా రాసింది. నాకు చదివి వినిపించింది. నీకు వినిపించలేదా?"

లేదు. వినిపించలేదు.

బస్సులో తిరిగి వస్తుంటే ఆమె తన చేతులు చూసుకుంది. బొటనవేలి పక్కన బ్లేడు కోసిన పాత మచ్చలు నాలుగైదు. చేతులు చీర కొంగులో దాచుకుంది. ఎవరూ చూడడం లేదు. తనకే చూడబుద్ధి కాలేదు.

*

శనివారం నాలుగింటికి రేడియో స్టేషను. గుడ్డ అతికించిన గోడలు, మధ్యన గుండ్రటి బల్ల, నాలుగు మైకులు. ఒక పక్క భర్త, పులి. ఎదురుగా చిట్టి. మధ్యలో చర్చ నడిపే అనౌన్సరు. గాజు అద్దానికి ఇవతల కంట్రోలు గదిలో ఆమె, ఆమెతో పాటు ఒకప్పుడు స్టూడియోలో పనిచేసిన ఆపరేటరు. నడివయసు మనిషి, ఇప్పటికీ బ్లేడమ్మా అనే పిలుస్తుంది.

చిట్టి బాగా మాట్లాడింది. తల్లి అనుకున్నదానికంటే చాలా బాగా. మెరుపుదండు గొప్ప బ్యాండు అని తను అనడం లేదంది. వాళ్ళ మూడో రికార్డు తనకూ నచ్చలేదని ఒప్పుకుంది. కానీ గొప్పదని పెద్దలు చెప్పినదాన్ని చేతులు కట్టుకుని వినడం వేరు, తన గదిలో తప్పులు వాయించుకుంటూ నేర్చుకోవడం వేరు అంది. "మాకు గుడి అక్కర్లేదు, మెట్లు కావాలి" అంది. అనౌన్సరు నవ్వి ఆ మాట రెండోసారి చెప్పాడు. అద్దం అవతల భర్త కూడా కాగితం మీద ఏదో గీసుకున్నాడు. కూతురి మాటే రాసుకున్నాడని ఆమెకు తెలుసు. అది అతని అలవాటు. నచ్చిన వాక్యం శత్రువుదైనా వదలడు.

తర్వాత అతని వంతు. కోత, అతుకు, కొలబద్ద, వాన. చివరన ఆ కేక వెయ్యమన్నాడు. ఆపరేటరు వేసింది.

కంట్రోలు గది స్పీకర్లలో పంతొమ్మిది సెకన్లు నిండిపోయాయి. ఏడో సెకను దగ్గర ఆమె గోళ్ళు అరచేతిలో దిగాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆ అతుకు దగ్గర ఊపిరి బిగబట్టకుండా ఆ పాట వినలేదు.

"విన్నారుగా," అన్నాడు భర్త. "ఒక్క మనిషి. ఒక్క ఊపిరి. ఇదీ నాణ్యత అంటే."

చిట్టి తల ఊపింది. అది గొప్పగా ఉందని తనూ ఒప్పుకుంటానంది. చిన్నప్పుడు తలుపులేసుకుని అలా అరవాలని చూసేదాన్నని చెప్పింది. ఎప్పుడూ రాలేదంది.

అక్కడితో వదిలేసి ఉంటే ఆ సాయంత్రం అలాగే గడిచిపోయేది. పులి గొంతుబిళ్ళ వేళ్ళతో బయటికి తీసి, బల్ల అంచున పెట్టి, మైకు దగ్గరికి వంగాడు.

"ఎలా వస్తుంది పాపా? ఆడవాళ్ళ ఊపిరికి అది అందదు. దేవుడిచ్చిన కొలత. మీరు మెరుపుదండే పాడుకోండి."

చిట్టి చెవులు ఎర్రబడ్డాయి. భర్త తల ఎత్తకుండా కాగితాలు సర్దుకున్నాడు.

ఆమె కుర్చీలోంచి లేచింది. నోట్లో ఉప్పునీళ్ళు ఊరాయి. ఆ బల్ల అంచున తడిగా మెరుస్తున్న బిళ్ళ, దాని పక్కన కాగితాలు సర్దే ఆ చక్కటి వేళ్ళు. రెండింటిలో దేన్ని చూస్తే ఎక్కువ వెగటేస్తోందో తేల్చుకోలేకపోయింది.

కంట్రోలు గదిలో ప్రకటనలు చదివే మైకు ఒకటుంది. దాన్ని తెరవమంది. ఆపరేటరు ఆమె ముఖంలోకి ఒక క్షణం చూసింది. ఏమీ అడగకుండా మీట పైకి తోసింది.

"నేను ఆ రికార్డుకు టేపు కోసినదాన్ని," అంది ఆమె. "ఆ కేకలో ఏడో సెకను దగ్గర అతుకుంది. నేనే వేశాను. అక్కడిదాకా ఈయన గొంతు. ఆ తర్వాత పన్నెండు సెకన్లు ఒక ఆడమనిషివి. ఈయనకు ఊపిరి చాలక ఆవిడ అరిచింది. పేరు ఆవిడే చెప్పుకోవాలి, నేను చెప్పను. అతుకు సంగతి దాచింది మాత్రం నేను."

అద్దం అవతల అందరూ ఒకేసారి ఇటు తిరిగారు. అనౌన్సరు గడియారం చూసి, వార్తల తర్వాత కలుద్దామన్నాడు. ఎర్రదీపం ఆరిపోయింది.

*

నడవాలో కాఫీ యంత్రం పక్కన నలుగురూ నిలబడ్డారు. వార్తలు పది నిమిషాలు.

చిట్టి తల్లి చెయ్యి పట్టుకోలేదు. తండ్రి పక్కనా నిలబడలేదు. గోడకు ఆనుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

ఆమె భర్త తిడతాడనుకుంది. ఇరవై రెండేళ్ళ కిందట నోటుబుక్కుతో వచ్చిన ఆ కుర్రవాడికి ఏం జవాబు చెప్పాలో కంట్రోలు గది నుంచి వచ్చే నాలుగడుగుల్లోనే అల్లుకుంది. నీ కళ్ళు చూసి అబద్ధం చెప్పాను అందామనుకుంది. క్షమించమని అడగడానికి కూడా సిద్ధపడింది.

అతను ఏమీ అడగలేదు.

పులే మొదలుపెట్టాడు. కోపం లేదు. యంత్రంలోంచి కాఫీ పట్టుకుంటూ, వీధిలో కుక్క అరిచిన సంగతి చెబుతున్నట్టు అన్నాడు.

"ఇంత అల్లరి ఎందుకమ్మా. నేను మీ ఆయనకి వచ్చిన రెండో వారమే చెప్పాను. వెనక వంత పాడే ఆ అమ్మాయి అరిచిందనీ, నువ్వు అతికించావనీ. పుస్తకంలో అది అక్కర్లేదన్నాడు."

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక భర్త ముఖం చూసింది. అతను పులి వైపు కోపంగా చూస్తున్నాడు. అబద్ధం చెప్పినవాడిని చూసే చూపు కాదది. నోరు జారినవాడిని చూసే చూపు.

"నీకు తెలుసా?" అంది.

"తెలుసు."

"తెలిసీ రాశావా? తెలిసీ ఇప్పుడు చిట్టి ముందు ఒక్క ఊపిరి అన్నావా?"

"ఒక్కళ్ళు అరిచారా ఇద్దరు అరిచారా అన్నది ముఖ్యం కాదు. ఆ కేక జనాన్ని ఏం చేసిందో అది ముఖ్యం," అన్నాడు. పత్రికలో రాసే గొంతే. ఆ గొంతుతో ఇంట్లో ఎన్నిసార్లు మాట్లాడాడో ఇప్పుడే వినబడింది ఆమెకు.

"మరి నేను దాచానని తెలిసి పది రోజులు నాతో ఎలా అన్నం తిన్నావు? ఒక్క మాటైనా అడగలేదే?"

అతను కళ్ళజోడు తీశాడు.

"నువ్వు ఇరవై రెండేళ్ళు చెప్పలేదు," అన్నాడు. "పుస్తకం వచ్చేదాకా కూడా చెప్పవనుకున్నాను."

అంటే ఆమె అబద్ధాన్ని అతను క్షమించలేదు, దాని మీద అలగనూ లేదు. దాన్ని తన పుస్తకానికి కాపలా పెట్టుకున్నాడు. సింకులో పళ్ళాలు కడుగుతుంటే, పులి తువ్వాలు ఉతుకుతుంటే, అప్పట్లో కంప్యూటర్లు లేవని ఆమె గుటకలు మింగుతుంటే, అతను ఎదురుగా కూర్చుని, ఇంకొంచెం ఓర్చుకో అన్నట్టు చూశాడు. భోజనాల బల్ల దగ్గర నువ్వైనా చెప్పు అన్నప్పుడు కూడా అతనికి తెలుసు. ఆమె ఏం చెబుతుందో, ఏం చెప్పదో రెండూ తెలుసు.

ఉతికిన తువ్వాలు వాసన చేతుల్లోంచి ఇప్పుడు వచ్చినట్టయింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. కోపం వస్తే బాగుండుననిపించింది. రాలేదు. పాడైన పాలు నోట్లో పోసుకున్నవాళ్ళకు కోపం రాదు, ఉమ్మడానికి చోటు వెతుక్కుంటారు.

"అమ్మా," అంది చిట్టి గోడ దగ్గర్నుంచి. "ఆ ఆడమనిషి ఎవరు? పెద్దమ్మేనా? ఈయన వచ్చినప్పటి నుంచి మనింటికి రావడం లేదు."

ఆమె జవాబు చెప్పలేదు. చెప్పకపోవడంతోనే చిట్టికి తెలిసిపోయింది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వైరు కోసినప్పుడు రాని నీళ్ళు.

అనౌన్సరు తలుపు తెరిచి రెండు నిమిషాలుందన్నాడు. ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయని, రెండో సగం ఇప్పుడు ఎత్తెయ్యలేమని, ఎవరో ఒకరు లోపలికి రావాలని ప్రాధేయపడ్డాడు. పులి కాఫీ తాగేసి, తనకు గొంతు బాగాలేదని చెప్పి, కోటు భుజాన వేసుకుని మెట్ల వైపు వెళ్ళిపోయాడు. వెనక్కి కూడా చూడలేదు.

భర్త కళ్ళజోడు తుడుచుకున్నాడు. కాగితాలు తీసుకుని లోపలికి నడిచాడు. చిట్టి ఒక్క క్షణం ఆగి, మోచేత్తో కళ్ళు తుడుచుకుని, అతని వెనకే వెళ్ళింది.

ఆమె కంట్రోలు గదికి తిరిగి వచ్చేసరికి ఫోన్ల హోరుకు ఆపరేటరు స్పీకర్లు ఆపేసి ఉంచింది. ఒక చెవికి ఫోను ఆనించుకుని, అందరూ ఒకటే అడుగుతున్నారు, ఆవిడ పేరేంటని, అంది.

అద్దం అవతల ఎర్రదీపం వెలిగింది. తండ్రీ కూతుళ్ళు గుండ్రటి బల్లకు చెరో పక్క కూర్చున్నారు. అతను చేతిలోని కాగితాలు బోర్లించి పక్కన పెట్టాడు. మైకు దగ్గరికి జరుపుకున్నాడు. పెదాలు కదలడం మొదలైంది.

"పెంచమంటావా?" అంది ఆపరేటరు, మీట మీద వేలు పెట్టి.

ఆమె తల ఊపేలోపే అతని పెదాలు అక్క పేరు పలకడం కనబడింది, లోపల చిట్టి ముఖం పాలిపోయింది. ఆ పిల్ల రెండు చేతులతో మెల్లగా హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. తండ్రిని చూడలేదు. అద్దంలోంచి తిన్నగా తల్లినే చూస్తోంది.